పంచాయితీలోనే చచ్చిపోతున్న కేసులు

ఎక్కడ ఏ ఘోరం జరిగినా మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో ముందుగా వచ్చే మాట ఒకటే: ఉరి తీయాలె, లేకుంటే చటాన్‌పల్లిల చేసినట్టు చేయాలె. ఆ మాట రాసేవాళ్ల కోపాన్ని నేను తప్పు పట్టను. ఆడపిల్లలున్న ఇండ్లలో ఆ రాత్రి అన్నం సహించదు. కానీ నేను దేవరకొండ వైపు ఊళ్లలో, తండాల్లో పారా లీగల్ వాలంటీర్‌గా తిరుగుతుంటాను. స్టేషన్‌కు పోవడానికి భయపడే ఆడవాళ్లకు తోడు వెళ్లడం, దరఖాస్తు రాసిపెట్టడం, వాయిదా తారీకు గుర్తుచేయడం, ఇదీ నా పని. ఈ పనిలో చూసినవన్నీ కలిపి చూసుకుంటే నాకు గట్టిగా అనిపించేది ఇది: మన దగ్గర అత్యాచారం చేసినవాడు తప్పించుకుంటున్నది చట్టంలో శిక్ష తక్కువై కాదు. కేసు ఊళ్లో పెద్దమనుషుల ముందే చచ్చిపోతుంది, అక్కడ బతికి బయటపడ్డా సాక్షి బోను దగ్గర చచ్చిపోతుంది. చట్టం మార్చేవాళ్లు నలభై ఏండ్లుగా శిక్ష ఎన్నేండ్లన్న లెక్కే పెంచుకుంటూ పోతున్నారు. ఫిర్యాదుకూ తీర్పుకూ మధ్య ఆ ఆడమనిషి ఎట్ల నిలబడుతుందన్నది ఎవరికీ పట్టలేదు.

చటాన్‌పల్లి సంగతే ముందు మాట్లాడుకుందాం, అది మన గడ్డ మీద జరిగింది కాబట్టి. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్ పక్కన ఒక పశువైద్యురాలిని ఎత్తుకుపోయి, అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ అవతల చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. నిందితులు నలుగురూ పాత పాలమూరు జిల్లా మక్తల్ మండలం వాళ్లు. విచారణకు మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్ ట్రాక్ కోర్టు ప్రకటించారు. అక్కడ కేసు మొదలు కాకముందే డిసెంబర్ 6 తెల్లవారుజామున ఆ వంతెనకు దగ్గర్లోనే పోలీసులు నలుగురినీ కాల్చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని ఆ కమిషన్ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు నేరం నాటికి పద్దెనిమిదేండ్లు నిండనివాళ్లని కూడా తేల్చింది. ఆ వ్యవహారం హైకోర్టుకు చేరింది.

నాకు కడుపు మండేది ఇంకో విషయానికి. ఆ రాత్రి కుటుంబం కూతురు కనబడటం లేదని పోలీసుల దగ్గరికి పోతే, ఇది మా పరిధి కాదు అంటూ తిప్పారు. ఎఫ్ఐఆర్ రాయడంలో ఆలస్యం చేశారని ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు కూడా. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని, పరిధి సంగతి తర్వాత చూసుకోవాలని అంతకు ముందు ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. 2013 నుంచే అత్యాచారం ఫిర్యాదు రాసుకోని పోలీసుకు జైలుశిక్ష అని చట్టంలో ఉంది. మరి ఆ గంటల్లో ఏ స్టేషన్‌లో ఎవరు ఏమన్నారు, ఎవరు ఎంతసేపు కూర్చోబెట్టారు, ఇదంతా కోర్టులో ప్రమాణం మీద బయటికి రావాల్సిన విషయం. నలుగురినీ కాల్చేశాక విచారణే లేదు. విచారణ లేకపోతే ఆ ప్రశ్నలు అడిగేవాడూ లేడు. పూలు చల్లిన చేతులకు ఈ సంగతి ఎవరు చెప్పాలె?

ఆంధ్రలో ఆ నెలలోనే మన అమ్మాయి కేసుకు పెట్టిన పేరుతోనే దిశ బిల్లు తెచ్చారు. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం ఇరవై ఒక్క రోజుల్లో శిక్ష. అసెంబ్లీలో పాసైంది, రాష్ట్రపతి ఆమోదం రాలేదు. వచ్చినా ఏమయ్యేది? డాక్టర్లు, ల్యాబులు, మెజిస్ట్రేట్లు, ప్రాసిక్యూటర్లు ఎక్కడివక్కడే ఉండగా తారీకు ఒక్కటే మారితే, ఆ ఇరవై ఒక్క రోజుల్లో నిరూపించలేని కేసంతా నిర్దోషి అని కొట్టుకుపోయేది.

చట్టం అసలు మారలేదని నేననడం లేదు. మారింది, ప్రతిసారీ ఎవరో ఒక ఆడమనిషి ప్రాణం మీదికి వచ్చాకే మారింది. 1972లో మహారాష్ట్రలో ఒక ఆదివాసీ పిల్లను పోలీస్ స్టేషన్‌లోనే పాడు చేస్తే, ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఇష్టపడే ఉంటుందని సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. ఆ తీర్పు తప్పంటూ 1979లో నలుగురు లా ప్రొఫెసర్లు సుప్రీంకోర్టుకే బహిరంగ లేఖ రాశారు. అంతకు ముందే 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒకామెను పోలీసులు చెరిచారు, రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. కేసును రాయచూరుకు మార్చారు, 1981లో అక్కడ అందరినీ నిర్దోషులన్నారు. ఈ రెండింటి మీద లేచిన ఆందోళనకు 1983లో చట్టం కదిలింది: కస్టడీలో జరిగిన నేరంలో నాకు ఇష్టం లేదని ఆమె చెబితే కోర్టు నమ్మాలి, బాధితురాలి పేరు అచ్చు వేయకూడదు, కనీస శిక్ష ఏడేండ్లు. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ నెల రోజుల్లో, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. అత్యాచారం అన్నమాటకు అర్థం పెరిగింది, వెంటపడటం, దొంగచాటుగా చూడటం, యాసిడ్ పోయడం విడివిడి నేరాలయ్యాయి. 2018లో కనీస శిక్ష పదేండ్లకు, పన్నెండేండ్ల లోపు పిల్లల కేసులో ఉరిదాకా పోయింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అత్యాచారం సెక్షన్లలో 375 కాస్తా 63 అయింది, 376 కాస్తా 64 అయింది.

వర్మ కమిటీ ఉరి వద్దనే చెప్పింది. ఆ మాటను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఇప్పుడు మా ఊళ్ల సంగతికి వస్తాను. ఎవరినీ గుర్తుపట్టేలా రాయను, అట్ల రాయడం నేరం, అంతకన్నా ముందు ఆ పిల్లకు ద్రోహం. మాజీ సర్పంచ్ ఇంటి వాకిలి. ప్లాస్టిక్ కుర్చీల మీద ఏడెనిమిది మంది మగవాళ్లు. రెండు పార్టీల నాయకులూ ఉన్నారు, ఎన్నికల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లు ఆ రోజు పక్కపక్కనే కూర్చున్నారు. పిల్ల తల్లి కింద కూర్చుంది, కొంగు నోట్లో కుక్కుకుని. పిల్ల లోపల అర్రలో ఉంది, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఇరుపక్షాల దగ్గర ముందే డిపాజిట్ కట్టించుకున్నారు, మాట తప్పినోళ్ల పైసలు పోతాయన్నమాట. ఒకాయన లెక్క చెప్పాడు: ఇంత ఇప్పుడు, మిగతాది పత్తి అమ్మినాక. వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాసింది నేను చదివాను. అందులో అత్యాచారం అన్న మాటే లేదు. "ఇరువురి మధ్య జరిగిన గొడవ" అని ఉంది, ఇకమీదట ఒకరి జోలికి ఒకరు పోరాదని ఉంది. నేను ఇది నేరమని, ఇట్ల తెంపడానికి వీల్లేదని అంటే ఒక పెద్దాయన నెమ్మదిగానే అన్నాడు: "సదువుకున్నదానివి బిడ్డా, నీకు తెల్వనిది గాదు. కోర్టుకు పోతే పదేండ్లు తిరగాలె, దినాం ఇజ్జత్ పోతది. ఈడైతే ఇయ్యాలనే తెగిపోతది."

ఆయన మాటలో సగం నిజం ఉంది, అదే బాధ. 2013లో నల్లగొండలో ఒక చిన్నపిల్లను చెరిచి చంపిన కేసులో నల్లగొండ పోక్సో కోర్టు (పిల్లల మీద లైంగిక నేరాలు విచారించే కోర్టు) ఉరిశిక్ష వేసింది 2025 ఆగస్టులో. పన్నెండేండ్లు. తీర్పు వచ్చిన రోజు పేపర్లన్నీ ఉరి గురించి రాశాయి, ఆ పన్నెండేండ్లలో ఆ తల్లిదండ్రులు ఎట్ల బతికారన్నది ఎవరు రాశారు? మళ్లీ అదే నల్లగొండలో, ముగ్గురు ఆడపిల్లలను చంపి బావుల్లో పడేసిన హాజీపూర్ కేసు చూడండి. బొమ్మలరామారం మండలం, అప్పటికే యాదాద్రి భువనగిరి జిల్లా అయింది కానీ మనకు అది నల్లగొండే. 2019 ఏప్రిల్‌లో బయటపడింది, 2020 ఫిబ్రవరి 6న తీర్పు వచ్చింది, పది నెలలు కూడా పట్టలేదు. అంటే చట్టంలో వీలు ఉంది, సర్కారు తలుచుకుంటే నడుస్తుంది. టీవీ కెమెరాలు వచ్చిన కేసుకు ఒక కాలం, రానివాటికి ఇంకో కాలం.

హాజీపూర్‌లో నన్ను ఇప్పటికీ వదలనిది శిక్ష కాదు. మొదటి పిల్ల కనబడకుండా పోయింది 2015లో. నాలుగేండ్ల తర్వాత మూడో పిల్ల కోసం వెతికితేనే, పాడుబడ్డ బావుల్లో ముందటి ఇద్దరి సంగతి బయటపడింది. ఆ ఊరికి సరైన బస్సు లేక పిల్లలు దారిన పోయే బండి ఎక్కి ఇంటికి వచ్చేవాళ్లు, ఆ నేరం చేసినవాడు లిఫ్ట్ ఇస్తానని ఎక్కించుకునేవాడు. ఆడపిల్ల కనబడటం లేదని పోతే స్టేషన్‌లో వచ్చే మొదటి ప్రశ్న మా వైపు తల్లులందరికీ తెలుసు: ఎవరితోనన్నా మాట్లాడేదా? లేచిపోయిందేమో చుట్టాల ఇండ్లలో చూడమని పంపిస్తారు. మిస్సింగ్ కేసును మొదటి రోజే నేరంగా అనుమానించి దర్యాప్తు చేసి ఉంటే అన్న ఆలోచన ఏ ఉరితోనూ పోదు.

పెద్దాయన మాటలో మిగతా సగం అబద్ధం. ఇయ్యాల తెగేది ఆయనకు, నిందితుడికి. పిల్లకు ఏమీ తెగదు. వాడు రేపు అదే బజార్లో బండి మీద ఎదురొస్తాడు. పైగా ఈ రాజీకి చట్టంలో చోటే లేదు. అత్యాచారం రాజీ చేసుకునే నేరం కాదు, పెండ్లి చేసుకుంటానన్నా, పైసలిచ్చినా కేసు పోదని, శిక్ష తగ్గించడానికి కూడా రాజీ కారణం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల కేసులో అయితే తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడమే పోక్సో కింద నేరం, అంటే ఆ వాకిట్లో కుర్చీల మీద కూర్చున్న ప్రతి ఒక్కరూ నేరస్తులే. కానీ పంచాయితీ చేసినందుకు ఒక పెద్దమనిషి జైలుకు పోవడం నేను చూడలేదు.

దీనికి చట్టంలోనే ఒక లోపం ఉంది, ఎవరూ మాట్లాడని లోపం. నేరాన్ని దాచిపెట్టడానికి పైసలు తీసుకోవడం నేరం, ఇవ్వడం నేరం. ఐపీసీలో 213, 214 సెక్షన్లుగా ఉండేవి, కొత్త చట్టంలో కూడా ఉన్నాయి. మాట ప్రకారం చూస్తే పైసలు తీసుకున్న పిల్ల తండ్రి మీదే ముందు కేసు పడుతుంది. మధ్యలో కూర్చుని బేరం కుదిర్చి, కాగితం రాయించి, డిపాజిట్ దగ్గర పెట్టుకున్నవాణ్ని గురిపెట్టి రాసిన సెక్షన్ లేదు. అందుకే తర్వాత మనసు మారి తల్లి స్టేషన్‌కు పోదామనుకున్నా, పైసలు తీసుకున్నవు గదా, నీ మీదనే కేసైతది అని బెదిరిస్తారు, ఆమె ఆగిపోతుంది. ఈ ఒక్క చోట చట్టం తిరగబడాలి. లైంగిక నేరంలో రాజీ కుదిర్చినవాడికి, రాజీకి రమ్మని ఒత్తిడి చేసినవాడికి విడిగా శిక్ష పెట్టాలి, వాడు ప్రజాప్రతినిధి అయితే పదవి పోవాలి. బాధితురాలు, ఆమె కుటుంబం పైసలు తీసుకున్నా వాళ్ల మీద కేసు ఉండకూడదు, ఆ పైసలే మధ్యవర్తి మీద సాక్ష్యం కావాలి.

పైసల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో పంచాయితీ పైసలు ఆ రాత్రే చేతికి వస్తాయి. సర్కారు ఇచ్చే పరిహారం కాగితం మీద చాలా ఎక్కువ: జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) 2018 స్కీములో అత్యాచారానికి నాలుగు నుంచి ఏడు లక్షలు ఉంది. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ నిబంధనల్లో అయితే వైద్య పరీక్ష తర్వాత సగం, చార్జిషీటు వేశాక పావు, కేసు తేలాక పావు ఇవ్వాలని విడతలు కూడా రాసి పెట్టారు. దళిత వాడల్లో, లంబాడీ తండాల్లో ఇది ఎంత పెద్ద ఆసరానో చెప్పలేను. కానీ రిపోర్టు రాలేదని, బ్యాంకు ఖాతా ఆధార్‌కు లింక్ కాలేదని, బడ్జెట్ లేదని ఆ మొదటి విడత నెలల తరబడి రాదు. ఆ నెలల్లోనే ఎదుటివాళ్ల మనిషి చేతిలో కట్టతో గడప ఎక్కుతాడు. మధ్యంతర పరిహారం వారం లోపు ఖాతాలో పడాలని, పడకపోతే సంబంధిత అధికారి జవాబు చెప్పాలని చట్టంలోనే రాస్తే పంచాయితీల నడుం సగం విరుగుతుంది. నా నమ్మకం ఇది, ఎవరేమన్నా సరే.

ఇన్నీ దాటుకుని కోర్టుకు వచ్చినవాళ్ల సంగతి వేరే. తండా నుంచి ఆటో, మండలం నుంచి బస్సు, జిల్లా కేంద్రంలో దిగి మళ్లీ ఆటో. పత్తి ఏరే రోజుల్లో ఇద్దరి కూలీ పోతుంది. పదిన్నరకు రమ్మన్నారని పొద్దున్నే సద్ది కట్టుకుని వస్తారు. జడ్జి గారు సెలవు, లేదా ఎదుటి లాయర్ టైం అడిగాడు, లేదా ల్యాబ్ రిపోర్టు రాలేదు. వాయిదా. కొత్త చట్టంలోనూ పాత చట్టంలోనూ ఒకే మాట ఉంది: చార్జిషీటు వేసిన రెండు నెలల్లో విచారణ పూర్తి కావాలి. ఆ మాట రాసినవాళ్లు ఒక్కపూట ఆ వరండాలో కూర్చుని చూడాలి.

ఆ వరండాలోనే కేసు పోతుంది. నిందితుడి తరఫువాళ్లు పక్క బెంచీ మీదే కూర్చుంటారు. పరాయివాళ్లు కాదు, ఊరివాళ్లే, అందరూ వరసలు పెట్టి పిలుచుకునేవాళ్లే. "ఏం వదినా, మంచిగున్నవా, చాయ తాగుతవా" అని పలకరిస్తారు. బెదిరింపు అట్లనే మొదలవుతుంది. ఒకసారి నిందితుడి తల్లి వచ్చి పిల్ల చేతులు పట్టుకుని ఏడ్చింది, నా కొడుకు బతుకు నీ నోట్లె ఉన్నది బిడ్డా అని. ఆ పిల్ల నావైపు చూసింది, నేను ఏం చెప్పాలి? లోపలికి పోయి బోనెక్కి, నాకేం తెల్వదు, తెల్ల కాగితం మీద సంతకం పెట్టిచ్చుకున్నరు అంది. హోస్టైల్, అంటే ఎదురు తిరిగిన సాక్షి అని రాసుకున్నారు. అంతే, కేసు ఖతం. మళ్లీ ఆ రాత్రి టీవీలో ఎవరో ఒకరు అన్నీ అబద్ధపు కేసులే అంటారు.

ఆ అబద్ధపు కేసుల మాటకు ఇక్కడే జవాబు చెబుతాను. 2022లో దేశమంతటా నమోదైన అత్యాచారం కేసులు 31,516 అని జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. ఆ ఏడాది కోర్టుల్లో తేలిన వాటిలో శిక్ష పడ్డవి నూటికి 27 చిల్లర. మిగతా డెబ్బై రెండూ అబద్ధమని అనేవాళ్లు సాక్షి ఎందుకు మాట మార్చిందో ఒక్కసారి అడిగితే బాగుంటుంది. పెండ్లి చేసుకుంటానని నమ్మించిన కేసుల్లో కొన్ని ప్రేమ చెడి వచ్చినవి ఉంటాయి, నేను కాదనను. కొత్త చట్టం 69వ సెక్షన్‌లో దాన్ని అత్యాచారం నుంచి విడదీసి వేరే నేరం చేసింది, అది మంచిదే అనుకుంటాను, ఎందుకంటే అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్ల అసలు కేసుల మీద కూడా అనుమానం పడుతోంది. కానీ ఒక పేజీలో ఉన్న అనుమానాన్ని పట్టుకుని పుస్తకం మొత్తాన్ని చించేయమంటే ఎట్ల?

శిక్ష పెరిగితే భయం పెరుగుతుందనేది పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ నిందితుడు ఎవరో చూడండి. 2021 లెక్కల్లో నూటికి 96కు పైగా కేసుల్లో వాడు తెలిసినవాడే: పక్కింటోడు, చుట్టం, ప్రేమించానన్నోడు, పనిచేసే చోట మేస్త్రీ, ఒక్కోసారి ఇంట్లోవాడే. పాలమూరు నుంచి తల్లిదండ్రులు పనికి ముంబై, హైదరాబాద్ పోతే పిల్లలు ముసలివాళ్ల దగ్గర, మేనమామల దగ్గర పెరుగుతారు. అట్లాంటి ఇంటి పిల్ల ఒకతి ఫిర్యాదు రాసే ముందు నన్ను అడిగిన మాట: "అక్కా, మామను ఉరి తీస్తరా?" ఆ పిల్లకు కావాల్సింది వాడు ఆ ఇంట్లోంచి పోవడం, తను చదువుకోవడం. వాణ్ని ఉరి తీస్తారంటే ఆమె నోరు మూసుకుంటుంది, ఆమె అమ్మమ్మ అయితే ముందే మూయిస్తుంది. చెరిస్తే ఉరి, చంపినా ఉరి అయినప్పుడు సాక్ష్యం చెప్పే పిల్లను బతకనివ్వడం వాడికెందుకు? ఉరి కోరేవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి.

మరి సాక్ష్యం ఎట్ల నిలబెట్టాలి? దారి చట్టంలోనే ఒక మూల ఉంది. వికలాంగులైన బాధితులు మెజిస్ట్రేట్ ముందు వీడియోలో చెప్పిన వాంగ్మూలాన్నే కోర్టులో చెప్పిన మొదటి సాక్ష్యంగా తీసుకోవచ్చని 2013లో రాశారు, కేసు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్‌లో కూడా అది ఉంది. దాన్ని బాధితులందరికీ ఇవ్వండి. నేరం జరిగిన కొద్ది రోజుల్లో, మహిళా మెజిస్ట్రేట్ ముందు, వీడియోలో, ఒక్కసారి. చార్జిషీటు వేసిన నెలలోపు ఎదుటి లాయర్ అడిగే క్రాస్ ప్రశ్నలు కూడా అయిపోవాలి, నిందితుడి హక్కుకు లోటు రాకుండానే. ఇంక ఆ తర్వాత ల్యాబ్ రిపోర్టు రెండేండ్లకు రానీ, డాక్టర్ బదిలీ అయిపోనీ, పిల్ల మాత్రం తన బతుకు తను చూసుకుంటుంది, పెండ్లి అయి అత్తగారింట్లో ఉండగా సమన్లు పట్టుకుని కానిస్టేబుల్ రాడు. సమన్లు వచ్చిన రోజున కాపురాలు కూలిపోవడం చూసిన ఎవరికైనా ఇది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది.

ఆమెకు సొంత లాయర్ కూడా కావాలి. పబ్లిక్ ప్రాసిక్యూటర్ సర్కారు లాయర్, ఆయన మీద వందల ఫైళ్లు, చాలామంది ఆడవాళ్లు ఆయన ముఖం చూసేదే సాక్ష్యం రోజున. పదహారేండ్ల లోపు పిల్లల కేసుల్లో నిందితుడి బెయిల్ విచారణప్పుడు బాధితురాలి తరఫు మనిషి ఉండాలని 2018లో పెట్టారు. పెద్దవాళ్ల కేసుల్లో ఎందుకు లేదు? ముప్పై ఏండ్ల ఆమె ఊళ్లో వాడు బెయిల్ మీద దిగిన సంగతి డప్పు చప్పుడుతో తెలుసుకోవాలా? సాక్షుల రక్షణకు ప్రతి రాష్ట్రం స్కీం పెట్టాలని నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ అంటోంది. ఆ స్కీములో బస్ చార్జీలు, పోయిన కూలీ, కోర్టులో విడిగా కూర్చునే ఒక గది కూడా రాయాలి. మా వైపు తుపాకీ పట్టిన గార్డు అవసరం తక్కువ, ఆ గది అవసరం చాలా ఎక్కువ.

ఇంకొక విషయం రాయకుండా ఈ వ్యాసం ముగించలేను, దీనికి నన్ను తిడతారని తెలుసు. న్యాయ సంహిత 63వ సెక్షన్ కింద ఒక మినహాయింపు ఉంది: పద్దెనిమిదేండ్లు నిండిన భార్య మీద భర్త చేస్తే అది అత్యాచారం కాదు. వర్మ కమిటీ తీసేయమంది, తీయలేదు. 2022 మేలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జిలు రెండు రకాలుగా చెప్పారు, విషయం సుప్రీంకోర్టుకు పోయింది. కేంద్రం 2024లో తీసేయడానికి ఒప్పుకోమని చెప్పింది, కాపురాలు చెడుతాయట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో పెండ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 37 మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస పడ్డామని చెప్పారు. ఆ కాపురాలు ఎవరు చెడగొట్టారు? కాన్పయి నెల కూడా కాని ఆమె, కుట్లు ఇంకా మానని ఆమె, తల్లిగారింటికి నడిచి వస్తే, మొగుడే గదా అని పంపించిన ఊళ్లో నేను పనిచేస్తున్నాను. విడిగా ఉంటున్న భార్య మీద చేస్తే నేరం అని చట్టం ఒప్పుకుంది. అంటే ఆమె ఇష్టానికి విలువ ఉందని ఒప్పుకున్నట్టే కదా. అదే గడప లోపల ఉంటే ఆ విలువ ఎట్ల పోతుంది?

మగవాళ్ల మీద, ట్రాన్స్ మనుషుల మీద జరిగే దానికి కూడా ఇప్పుడు చట్టంలో పెద్ద రంధ్రం పడింది. అట్లాంటి కేసులు పెట్టడానికి ఉన్న ఐపీసీ పాత 377 పూర్తిగా పోయింది, దాని చోట పద్దెనిమిది దాటినవాళ్లకు ఏమీ పెట్టలేదు. అది వేరే వ్యాసం రాయాల్సినంత విషయం.

ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా ఈ రాత్రి ఇట్లాంటి కష్టం వచ్చి ఉంటే, చట్టం మారేదాకా ఆగలేరు కాబట్టి ఇప్పుడున్న దాంట్లో చేయగలిగినవి చెబుతాను. స్నానం చేయనీయకండి, వేసుకున్న బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్‌లో వద్దు. ముందు ఆసుపత్రికి పోండి, పోలీసు చిట్టీ అక్కర్లేదు, సర్కారుదైనా ప్రైవేటుదైనా ఉచితంగా చూడాల్సిందే, చూడకపోతే అది నేరం. యోనిలో వేళ్లు పెట్టి చూసే ఆ రెండు వేళ్ల పరీక్ష ఎవరైనా చేస్తామంటే వద్దనండి, అది తప్పని సుప్రీంకోర్టు 2022లో మళ్లీ గట్టిగా చెప్పింది. దగ్గర్లో ఉన్న ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ అని అడగండి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆమె వాంగ్మూలం మహిళా అధికారి రాసుకోవాలి, ఇంట్లోనే రాసుకోమని అడగొచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, ఇట్లాంటి ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్ వాళ్లు వస్తారు, లాయర్ కావాలంటే 15100కి చేయండి. పంచాయితీకి రమ్మని కబురొస్తే పోకండి. పోక తప్పకపోతే ఎవరు పిలిచారు, ఎవరెవరు కూర్చున్నారు, ఎవరు ఎంత ఇస్తామన్నారు, ఇంటికి రాగానే పేర్లు, తారీకు, టైముతో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.